కొత్త కారు లాంచ్‌కి పని మీద వెళ్తున్నారా?

షోరూములో కొత్త మోడల్ విడుదల అంటే గుడ్డ కప్పిన కారు, పెద్ద సౌండులో పాటలు, స్నాక్స్, ఫోటోలు. కుటుంబంతో వచ్చిన కస్టమర్‌కి అది సరదా సాయంత్రం, అలాగే ఉండాలి కూడా. కానీ అదే హాల్లో పని మీద వచ్చినవాళ్లూ చాలామంది ఉంటారు. షోరూము సేల్స్ కన్సల్టెంట్లు సరే, బ్యాంకు కార్ లోన్ ఎగ్జిక్యూటివ్, బీమా ప్రతినిధి, పాత కార్లకు వెల కట్టే ఎవాల్యుయేటర్, ఆఫీసు కోసం బండి చూసి రమ్మని పంపిన అడ్మిన్ ఉద్యోగి, ఉద్యోగం దొరుకుతుందేమోనని వచ్చిన ఎంబీఏ విద్యార్థి, అందరికీ అది డ్యూటీయే. హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ల కోసం, ఉస్మానియా క్యాంపస్ నుంచి ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మీ మీద ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి. కార్ల కంపెనీ తన అమ్మకాల లెక్కలో రాసుకునేది డీలర్‌కి పంపిన కార్లను. డీలర్ ఆ కార్లను చాలావరకు అప్పు మీద తెచ్చుకుంటాడు, యార్డులో నిలబడిన ప్రతి రోజుకీ వడ్డీ కడతాడు. అందుకే ఆ సాయంత్రం కంపెనీ ఏరియా మేనేజర్ ముందు వరుసలో కూర్చుని బుకింగుల సంఖ్య అడుగుతాడు, మీ మేనేజర్ ప్రతి అరగంటకీ మీ టీమ్ లీడర్‌ని అడుగుతాడు, టీమ్ లీడర్ మిమ్మల్ని అడుగుతాడు. కానీ చాలా చోట్ల మీ ఇన్సెంటివ్ వచ్చేది బుకింగ్ మీద కాదు, డెలివరీ అయిన కారు మీద. ఆ రాత్రి మొహమాటానికి టోకెన్ కట్టి వారం తర్వాత వెనక్కి తీసుకున్న కస్టమర్ వల్ల మీకు రూపాయి రాదు, పైగా రిఫండ్ కోసం తిరిగే పని మీ నెత్తినే పడుతుంది. మేనేజర్ సంఖ్య అడగడం తప్పు కాదు. ఆ సంఖ్యలో నిలబడేవి ఎన్నో మీకు తెలిసి ఉండాలి.

ఈ పనిలో ఎక్కువమంది దెబ్బతినేది మాట ఇవ్వడం దగ్గర. ఇంకా ఇన్వాయిస్ ధరల పట్టిక రాకముందే ఆన్‌రోడ్ ధర చెప్పేస్తారు. కంపెనీ నుంచి కేటాయింపు రాకముందే దసరాకి బండి ఇంట్లో ఉంటుందని చెప్పేస్తారు. గట్టిగా డిమాండ్ ఉన్న మోడల్ అయితే ఆ మాట నిలబెట్టడం మీ చేతిలో ఉండదు. 2022లో మహీంద్రా స్కార్పియో-ఎన్ ప్రారంభ ధర మొదటి 25 వేల బుకింగులకే అన్నారు. జులై 30న బుకింగ్ తెరవగానే ఆ 25 వేలు ఒక్క నిమిషంలో నిండాయి, అరగంటలో లక్ష దాటాయి. 2024 ఆగస్టు 15న వచ్చిన థార్ రాక్స్‌కి అక్టోబరు 3న బుకింగ్ తెరిస్తే మొదటి గంటలోనే 1.76 లక్షలు. ఇలాంటి బండికి "ఆ ధరకే ఇప్పిస్తాను సార్, నాదే బాధ్యత" అన్న కన్సల్టెంట్ ఏం చేయగలడు? నెలల తరబడి ఆ కస్టమర్ ఫోన్లకు జవాబు చెప్పుకోవడం తప్ప.

డెలివరీ తేదీ అడిగినప్పుడు చెప్పగలిగింది ఇంతే: "మీ వేరియంట్, రంగు రాసుకున్నాను సార్. రేపు మధ్యాహ్నంలోగా కనుక్కుని నేనే ఫోన్ చేస్తాను." ఆ మర్నాడు, కచ్చితమైన కబురు లేకపోయినా, మధ్యాహ్నంలోగా ఫోన్ చేయండి. "ఇంకా రాలేదు సార్, గురువారం మళ్లీ చెప్తాను" అన్నా సరే. ఆ ఫోన్ రాకపోతే కస్టమర్ పక్క షోరూముకి వెళ్తాడు, వెళ్లడం సబబే.

వాట్సాప్‌లో రాసేది ఇంకా జాగ్రత్తగా రాయాలి. నోటిమాట జారితే సర్దుకోవచ్చు, మెసేజ్ మాత్రం కస్టమర్ ఫోన్లో అలాగే ఉంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే ఆ స్క్రీన్‌షాట్ సాక్ష్యంగా ముందుకొస్తుంది. కంపెనీ చెప్పిన మైలేజీని మీ సొంత హామీగా రాయకండి. భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో స్టార్ రేటింగ్ వచ్చిందని చెప్పేముందు ఏ మోడల్‌కి, ఏ వేరియంట్లకి వర్తిస్తుందో చూసుకోండి. కొత్త మోడల్‌కి టెస్టే ఇంకా కాకపోతే ఆ మాటే చెప్పండి. పాత మోడల్ రేటింగ్ చూపించి కొత్తది అమ్మడం మోసం.

ఇక లెక్కలు. వేదిక మీద చెప్పేది ఎక్స్-షోరూమ్ ధర. కస్టమర్ జేబులోంచి పోయేది ఆన్‌రోడ్ ధర. మధ్యలో జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, ఫాస్టాగ్ ఉంటాయి. ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) కూడా. 9.99 లక్షలు అని విని వచ్చినవాళ్లకి చేతికొచ్చిన కాగితంలో లక్షల్లో తేడా కనిపిస్తే, ఆ కోపం మీ మీదే పడుతుంది. అందుకని ఎక్స్-షోరూమ్ అంకె పలికిన ప్రతిసారీ "దీని మీద పన్ను, బీమా వేరే" అని అదే ఊపిరిలో చెప్పడం అలవాటు చేసుకోండి. టీసీఎస్ అదనపు ఖర్చు కాదని, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుందని కూడా చెప్పండి. ఈ ప్రాంతంలో జీతం మీద బతికే కస్టమర్లు ఎక్కువ, వాళ్లకి ఆ ఒక్క వివరం ఉపయోగపడుతుంది.

జీఎస్టీ మీద ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 18 శాతం, పెద్దవాటి మీద 40 శాతం, విద్యుత్ కార్ల మీద 5 శాతం. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లు మించకూడదు, ఇంజన్ పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. మీ కొత్త మోడల్ ఏ వేరియంట్ ఏ గీతకు ఇటుందో అటుందో వెళ్లేముందే చూసి రాసుకోండి. ఒకే పేరుతో, ఒకే పొడవుతో ఉన్న కారుకి ఇంజన్ మారితే పన్ను మారిపోవచ్చు. ఇది తెలియని కన్సల్టెంట్‌ని కస్టమర్ రెండో ప్రశ్న అడగడు.

బీమా విషయంలో ఒత్తిడి వేరే రకం. షోరూములోనే పాలసీ తీసుకోవాలని, లేకపోతే డిస్కౌంట్ లేదని చెప్పమంటారు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచి ఉన్న నిబంధన అది. కానీ ఎవరి దగ్గర తీసుకోవాలన్నది కస్టమర్ ఇష్టం. ఇక్కడే తీసుకోవాలని బలవంతపెట్టకూడదని డీలర్లకు బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు ఉన్నాయి. మీరు చేయగలిగిన మంచి పని రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టడం. క్యాష్‌లెస్ సర్వీసు, జీరో డిప్రిసియేషన్ ఎక్కడ ఉన్నాయో చూపిస్తే చాలామంది షోరూము పాలసీయే తీసుకుంటారు. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

లోన్ ఎగ్జిక్యూటివ్‌లకు ఒక లెక్క. ఎనిమిది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకు ఈఎంఐ సుమారు 16,600. ఏడేళ్లకు పెడితే సుమారు 12,900. హాల్లో రెండో అంకె చెప్తే కస్టమర్ మొహం వెలిగిపోతుంది. కానీ మొత్తం వడ్డీ ఐదేళ్లలో రెండు లక్షల లోపు, ఏడేళ్లలో 2.81 లక్షలు. అంటే దాదాపు 85 వేలు ఎక్కువ కడతాడు. రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాసి చూపించండి. ఏడేళ్లు తీసుకునేవాడు అప్పుడూ తీసుకుంటాడు, తెలిసి తీసుకుంటాడు. తర్వాత ఆఫీసులో పక్క సీటు వాడు లెక్క వేసి చెప్పినప్పుడు మీ మీద తప్పు పడదు. శాంక్షన్ రాకముందే "అయిపోయినట్టే సార్" అనకండి. సిబిల్ స్కోరు, పాత అప్పులు, జీతం స్లిప్పులు చూడకుండా అన్న మాట అది.

ఇప్పుడు ఈ ప్రాంతం గురించి. తార్నాక ప్రాంతపు కస్టమర్ హైటెక్ సిటీ కస్టమర్ కాదు. ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలు, జాతీయ పోషకాహార సంస్థ, ఇఫ్లూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం, లాలాగూడ వైపు రైల్వే, అన్నీ ఈ చుట్టుపక్కలే. ఉద్యోగులు, రిటైరైనవాళ్లు ఎక్కువ. వాళ్లు బ్రోచర్ మొత్తం చదివి వస్తారు. మీరు చెప్పిన టార్క్ అంకె తప్పైతే అక్కడే సరిదిద్దుతారు. తెలియకపోతే తెలియదని చెప్పి రాసుకోండి, వాళ్లు దాన్ని గౌరవిస్తారు. "అంకుల్" అనకండి. ప్రొఫెసర్ గారికి, శాస్త్రవేత్తకి "సార్, మేడమ్" చాలు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కారు కొంటే ఒక కాగితం పని ఉంటుంది. 1964 నాటి ప్రవర్తన నియమావళిలోని 18వ నియమం ప్రకారం రెండు నెలల మూలవేతనానికి మించిన విలువ ఉన్న వస్తువు కొంటే నెలలోగా పై అధికారికి తెలియజేయాలి. అమ్మేవాళ్లతో ఆ ఉద్యోగికి ఆఫీసు లావాదేవీలు ఉంటే ముందుగానే అనుమతి కావాలి. రైల్వే వాళ్లకు 1966 నాటి సొంత నియమాలు ఉన్నాయి, పద్ధతి ఇలాంటిదే. ఇది మీ పని కాదు అనుకోవచ్చు. కానీ ప్రొఫార్మా ఇన్వాయిస్, లోన్ శాంక్షన్ లెటర్, చెల్లింపుల రసీదులు ఒక్క ఫైలులో పెట్టి ఇచ్చిన కన్సల్టెంట్ పేరు ఆ ల్యాబ్ క్యాంటీన్‌లో తిరుగుతుంది. ఈ ప్రాంతంలో రిఫరల్ అలా వస్తుంది.

ఇంకో విషయం, ఇక్కడ చాలా ఇళ్లలో నిర్ణయం తీసుకునే మనిషి హాల్లో ఉండడు. అమ్మానాన్నలు తార్నాకలో, అబ్బాయో అమ్మాయో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో. కారు చూసేది వీళ్లు, డబ్బు పంపేది, వేరియంట్ తేల్చేది వాళ్లు. ఆ తల్లిదండ్రులని ఆ రాత్రి టోకెన్ కట్టమని ఒత్తిడి చేస్తే "పిల్లలతో మాట్లాడి చెప్తాం" అని వెళ్లిపోయి మళ్లీ ఫోన్ ఎత్తరు. దానికి బదులు వేరియంట్ల తేడా, ఆన్‌రోడ్ ధర, భద్రతా సదుపాయాలు ఒక్క పేజీలో పెట్టి, ఫార్వర్డ్ చేసుకోవడానికి వీలుగా పంపండి. అమెరికాలో పగలు అంటే మనకి రాత్రి. రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో కాల్‌లో అరగంట కూర్చోగలిగితే, ఆ కాల్ మీకు హాల్లో పడిన కష్టం మొత్తం కంటే ఎక్కువ పని చేస్తుంది. ఆటోమేటిక్ గేరు, ఎక్కి దిగడానికి తేలికైన సీటు ఎత్తు, పార్కింగ్ కెమెరా ఆ ఇంట్లో ముఖ్యం. వేదిక మీద సన్‌రూఫ్ గురించి ఎంతసేపు మాట్లాడినా సరే.

ముహూర్తం సంగతి నవ్వులాటగా తీసుకోకండి. ఆషాఢంలో బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకునేవాళ్లు ఎందరో. మంగళవారం, అమావాస్య వద్దంటారు. రాహుకాలం చూసి టైము చెప్తారు. ఫ్యాన్సీ నంబరు కావాలంటే ఆర్టీఏ వేలం తేదీ చూడాలి. ఇవన్నీ బుకింగ్ ఫారం దగ్గరే అడిగి రాసుకుంటే డెలివరీ రోజు గొడవ ఉండదు. చిరునామా కూడా ముందే అడగండి. ఉండేది హబ్సిగూడలో, ఆధార్ నల్గొండది అయితే రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఏ రుజువుతో అన్నది ఆ రోజే తేల్చుకోవాలి. హాస్టల్లో ఉండే పరిశోధకులకు ఇది మరీ చిక్కు.

ఆ సాయంత్రం ఎలా నడుచుకోవాలో కొంచెం చెప్పి వదిలేస్తాను. అరగంట ముందు చేరండి, మీ సొంత బండి షోరూము ముందు పెట్టకండి, ఆ చోటు కస్టమర్లది. 2017 నుంచి తార్నాకలో మెట్రో ఉంది, సాయంత్రం ఉప్పల్ రోడ్డు మీద ఇరుక్కోవడం కంటే అదే మేలు. ప్రదర్శన కారులో కూర్చుని మీరే సెల్ఫీలు తీసుకోకండి. పెద్ద కార్ల లాంచ్ హోటల్లో పెట్టి మద్యం పోస్తే, మీరు డ్యూటీలో ఉన్నారు, ముట్టుకోకండి. రిజిస్ట్రేషన్ టేబుల్ మీద అతిథుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. బయటి నుంచి వచ్చిన బ్యాంకు, బీమా మనుషులు ఆ పుస్తకం ఫోటో తీసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. చేయకండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది, అది పక్కన పెట్టినా, పట్టుబడ్డ రోజున ఆ షోరూము గుమ్మం మీకు మూసుకుపోతుంది. కస్టమర్ నంబరు ఆ కస్టమర్‌నే అడగండి.

ఎక్కువమందిని కలవాలని హాలంతా తిరగడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. కార్డులు పంచడం పని కాదు. పదిమందితో సరిగ్గా మాట్లాడి, ఒక్కొక్కరి పేరు పక్కన ఒక వాక్యం రాసుకుంటే చాలు: "పాత కారు 2014 డీజిల్, ఎక్స్‌చేంజ్ కావాలి, భార్య నడుపుతారు." ఇంటికి వెళ్లేలోపు, బస్సులోనో మెట్రోలోనో, ఆ వాక్యాలు ఫోన్లో పెట్టండి. తెల్లారితే ఎవరు ఎవరో కలిసిపోతారు. మర్నాడు పదకొండు గంటలకల్లా మొదటి ఫోన్లు వెళ్లాలి, మూడు రోజుల్లో టెస్ట్ డ్రైవ్ తేదీ పడాలి. అది దాటితే ఆ ఎంక్వైరీ చల్లారినట్టే.

ఆఫీసు తరఫున వెళ్లిన అడ్మిన్ ఉద్యోగులకు ఒక్క మాట. మీరు ఆ రోజు కంపెనీ కళ్లు, కంపెనీ చేతులు కాదు. చూసి, కొలతలు, ధరలు, సర్వీసు షరతులు రాసుకుని రండి. లక్కీ డ్రాలో పేరు వేయకండి, బహుమతి పొట్లం తీసుకోకండి. ప్రభుత్వ సంస్థ అయితే కొనుగోలు సాధారణంగా జెమ్ పోర్టల్ ద్వారానే జరుగుతుంది, బహుమతుల మీద ప్రవర్తన నియమాలూ ఉన్నాయి. ప్రైవేటు సంస్థ అయినా రేపు ఆ డీలర్‌కే ఆర్డర్ వెళ్తే మొదటి ప్రశ్న మీ మీదే వస్తుంది.

చివరగా క్యాంపస్ వాళ్లకు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నుంచి ఉంది. అక్కడి మెకానికల్ విద్యార్థికీ, బిజినెస్ మేనేజ్‌మెంట్ విభాగంలో ఎంబీఏ చేస్తున్నవాళ్లకీ కార్ల డీలర్‌షిప్ చిన్న ఉద్యోగంగా కనిపిస్తుంది. అది చిన్నది కాదు. అమ్మకం, లోన్, బీమా, సర్వీసు, పాత కార్లు, అన్నీ ఒకే చోట నేర్చుకోవచ్చు. కానీ కష్టమైన పని, ఆదివారాలు ఉండవు, నెలాఖరు నిద్ర ఉండదు. లాంచ్ సాయంత్రానికి వెళ్లండి, రెజ్యూమె మాత్రం ఆ రోజు ఇవ్వకండి. మేనేజర్ ఆ రోజు మీ మొహం చూడడు. సిబ్బంది కస్టమర్లతో ఎలా మాట్లాడుతున్నారు, మేనేజర్ వాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడు అన్నది చూడండి. అందరి ముందు కేకలు వేసే మేనేజర్ దగ్గర చేరితే మీరు ఏం నేర్చుకుంటారో అక్కడే తెలుస్తుంది. తర్వాత వారం మధ్యలో ఒక రోజు ఉదయం వెళ్లి కలవండి.

ఎక్కడ చేరాలో తేల్చుకునేటప్పుడు లాంచ్ రాత్రి సందడిని బట్టి కంపెనీ భవిష్యత్తు లెక్కేయకండి. 2009లో టాటా నానోకి రెండు లక్షలకు పైగా బుకింగులు వచ్చి లాటరీ తీసి కార్లు కేటాయించారు. పదేళ్లకల్లా ఉత్పత్తే ఆగిపోయింది. మీరు చేరాలనుకునే బ్రాండ్ కార్లు నెలనెలా ఎన్ని రిజిస్టర్ అవుతున్నాయో చూడండి. డీలర్ల సంఘం ఫాడా ప్రతి నెలా అంకెలు ఇస్తుంది. అయితే అవి వాహన రిజిస్ట్రేషన్ల వాహన్ పోర్టల్ లెక్కలు, చాలా ఏళ్లపాటు తెలంగాణ వాటిలో చేరలేదు, కాబట్టి దేశం అంకె చూసి ఉప్పల్ అంచనా వేయకండి. సర్వీసు సెంటర్ ముందు పొద్దున ఎన్ని బండ్లు నిలబడ్డాయో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంటర్వ్యూకి ముందే కారు డ్రైవింగ్ లైసెన్సు సంపాదించండి. టెస్ట్ డ్రైవ్‌లో మీరూ కూర్చోవాలి, బండి తీయాలి. మంచి మార్కులు ఉండి లైసెన్సు లేక వెనక్కి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఫిక్స్‌డ్ జీతం ఎంత, ఇన్సెంటివ్ బుకింగ్ మీదా డెలివరీ మీదా, కస్టమర్ రద్దు చేసుకుంటే మీ జీతంలో కోత ఉందా, ఈ మూడూ అడిగి ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. రాసివ్వకపోతే చేరకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.